ఒక్కసారే అడిగే ఊరు

మాది టెక్సస్‌లోని ఫ్రిస్కో. కాలేజీ తరఫున ఒక సెమిస్టర్ ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో చదివాను. అక్కడ మా పక్కింటి పెద్దావిడ ఒకరోజు నన్ను టీకి రమ్మన్నారు. తీరా వెళ్తే టేబుల్ మీద రోస్ట్ చికెన్, బంగాళాదుంపలు, గ్రేవీ ఉన్నాయి. ఆ ఊళ్లో టీ అంటే రాత్రి భోజనమట.

పొద్దున్నుంచీ సరిగ్గా తినకపోవడంతో మొదటి ప్లేటు ఇట్టే ఖాళీ చేశాను.

"ఇంకో ముక్క వెయ్యనా?" అన్నారావిడ.

నోరూరుతూనే ఉంది. అయినా "నో, థాంక్యూ" అన్నాను. మా ఇళ్లలో అదే మర్యాద. రెండుసార్లు వద్దని, మూడోసారికి "సరే, కొంచెం" అనాలి.

ఆవిడ "సరేనమ్మా" అని చికెన్ తీసుకెళ్లి ఫ్రిజ్‌లో పెట్టేశారు. మళ్లీ అడుగుతారేమోనని ఆ ఫ్రిజ్ తలుపు వైపే చూస్తూ కూర్చున్నాను. అడగలేదు. వద్దంటే వద్దనే అనుకున్నారు, పాపం. ఆ తర్వాత పిలిచినప్పుడల్లా మొదటి మాటకే ప్లేటు చాపాను.

ఫ్రిస్కోకి తిరిగొచ్చాక ఓ ఆంటీ ఇంటికి భోజనానికి వెళ్లాం. "ఇంకొంచెం పులిహోర వెయ్యనా?" అని ఆంటీ అడగ్గానే "వెయ్యండి" అనేశాను.

కార్ ఎక్కగానే అమ్మ అందుకుంది.

"ఫస్ట్ టైమే ఎస్ అనేస్తావేంటే? ఇంట్లో నీకు తిండి పెట్టట్లేదనుకోరూ!"