ఒక చప్పుడా, రెండా

మా నాన్న పోయిన ఏడాది నాకు తొమ్మిదేళ్ళు. ఆయన చెల్లెలికి, అంటే మా మేనత్తకి, అప్పటికి ముప్పై నిండలేదు. ఎవరైనా పెళ్ళి మాటెత్తితే, "ఇరవై ఎకరాల మొగుడితో వేగలేక చస్తున్నాను, ఇంకొకడెందుకు?" అని నవ్వేసేది. ఆ ఇరవై ఎకరాల్లో అన్నాచెల్లెళ్ళు బార్లీ పండించేవారు. నాన్నది నింపాది, అత్తది తొందర. నాన్న చెప్పులు వెతుక్కునేలోగా అత్త పొలం చుట్టి వచ్చేదని అమ్మ అంటూ ఉండేది.

ఆ ఏడాది కోతకు రెండు రోజుల ముందు మబ్బు పట్టింది. నాన్న ఒక గింజ నోట్లో వేసుకుని కొరికి చూశాడు. గింజ పటుక్కున విరగలేదు, మెత్తగా నొక్కుకుపోయింది.

"ఇంకా పచ్చిగానే ఉంది. రెండెండలు తగలనిద్దాం," అన్నాడు.

"వాన పడితే కంకుల్లోనే మొలకలొస్తాయి అన్నయ్యా. కోత మిషను ఇవాళ పక్క పొలంలోనే ఉంది. గాదెలో పోసేస్తే గాలికి అదే ఆరిపోతుంది," అంది అత్త.

నాన్న ఆకాశం వంక చూశాడు, చెల్లెలి వంక చూశాడు. "సరే, నీ మాటే కానీ," అన్నాడు.

వాన పడలేదు. పచ్చి గింజ మాత్రం రేకుల గాదె నిండా చేరింది.

అయిదు వారాల తరువాత, బార్లీని బీరుకు పనికొచ్చే మాల్టుగా మార్చే మిల్లు వాళ్ళ లారీ వచ్చింది. గాదె అడుగు తలుపు తీసి, గింజని లారీలోకి లాగే మోటారు వేస్తే నాలుగు దోసిళ్ళు రాలి ఆగిపోయింది. లోపల గింజ చెమర్చి, బూజు పట్టి, పైన మూతలా గడ్డకట్టింది. ఆ గడ్డ పగలగొట్టడానికి నాన్న పొడుగాటి కర్ర తీసుకుని నిచ్చెన ఎక్కి పై కంతలోంచి లోపలికి దిగాడు. అత్త అడుగు తలుపు మూసి అక్కడే నిలబడింది. మోటారు మోతలో కేక వినపడదు కాబట్టి వాళ్ళిద్దరికీ మాత్రమే తెలిసిన ఒక గుర్తు ఉండేది. లోపలినుంచి రేకు మీద ఒకసారి కొడితే తలుపు తెరవాలి, రెండుసార్లు కొడితే మూసెయ్యాలి, మూసి ఉంటే తెరవకూడదు.

నేను బడిలో ఉన్నాను. తరువాత నాకు తెలిసినదంతా ఒకళ్ళూ ఇద్దరూ చెప్పుకోగా విన్నదే. అత్త తలుపు తెరిచింది. గింజ ధారగా వచ్చింది. ఎంతసేపటికీ పైనుంచి ఇంకే చప్పుడూ రాకపోయేసరికి, మోటారు ఆపి పిలిచింది. పలకలేదు. గొడ్డళ్ళతో రేకు చీల్చి నాన్నని బయటికి తీసేసరికి నలభై నిమిషాలు పట్టింది. అడుగున గింజ జారిపోతుంటే గడ్డ కింద బోలు ఏర్పడిందట. గడ్డ విరిగి, ఆయన అందులోకి దిగబడిపోయాడు.

అత్త అందరికీ చెప్పింది ఒక్క ముక్కే: "పైన కాలు జారింది." అంతకు మించి ఎవరూ అడగలేదు.

ఆ తరువాత మా ఇంట్లో తలుపు తట్టడం మానేశాం. ఎవరూ మానమని చెప్పలేదు, మాకు మేమే మానుకున్నాం. ఎవరైనా తెలియనివాళ్ళు వచ్చి టక్కున తలుపు మీద కొడితే అత్త చేతిలో పని చేతిలోనే ఉండిపోయేది. తల కొంచెం పక్కకు వాల్చి, రెండో చప్పుడు కోసం చూసేది. అది వచ్చినా రాకపోయినా మొహం ఒకేలా పాలిపోయేది. గరిటె గిన్నెకు తగిలినా అంతే. వాన మొదలైతే పశువుల పాక రేకుల మీద తొలి చినుకుల కింద ఆవిడ నిలబడలేకపోయేది. వాన జోరందుకుని చప్పుళ్ళన్నీ కలిసిపోయాక అప్పుడు కూర్చునేది. అదంతా దుఃఖమే అనుకున్నాం మేము. మనిషి పోయిన ఇల్లు కదా.

చీల్చిన గాదె అలాగే ఉండిపోయింది. పక్కన మోటారు మీద గోనెపట్టా కప్పారు. అత్త మళ్ళీ గాదె జోలికి పోలేదు. గింజని బస్తాలకెత్తి, కొట్టంలో బల్లలు పరిచి నిలబెట్టేది. పొలాన్ని మాత్రం పట్టుకున్న పట్టు విడవలేదు.

నాన్న ఉన్నప్పుడు విత్తనం చిక్కగా చల్లేవారు. చిక్కగా చల్లితే చిక్కగా పండుతుందని లెక్క. అత్త అది మార్చింది. సాళ్ళలో పలచగా వేసి, మొక్కకు గాలీ వెలుతురూ తగిలేలా చేసింది. విత్తే ముందు నూరు గింజలు ఏరి తడిగుడ్డలో చుట్టి, ఎన్ని మొలకెత్తాయో చూసేది. తొంభై అయిదుకి తగ్గితే ఆ విత్తనం పశువులకే. పల్లంలో ఏటా పసుపెక్కిపోయే మూడెకరాలకు కాలవలు తీయించి నీరు బయటికి పంపింది. యూరియా సగానికి తగ్గించింది. ఎక్కువైతే పైరు ఏపుగా పెరిగి పడిపోతుందనీ, పడకపోయినా గింజలో మాంసకృత్తులు పెరిగి మాల్టుకు పనికిరాదనీ మిల్లులో గింజ పరీక్ష చేసే ఆయన దగ్గర తెలుసుకుంది. ఏడాది విడిచి ఏడాది సగం పొలంలో బఠాణీ వేసి నేలకు ఊపిరి తీసుకోనిచ్చింది.

కోత దగ్గరికి వస్తే ఇక మనిషి మనిషిలా ఉండేది కాదు. తేమ చూసే మిషను కొనుక్కుంది గాని, దాన్నీ పూర్తిగా నమ్మేది కాదు. ఒక్కో మడిలో నాలుగు మూలలా, నడి మధ్యనా కంకులు నలిపి, గింజ కొరికి, మిషనులో పోసి, మళ్ళీ కొరికేది. కోత మిషను నడిపే డ్రైవరు గట్టు మీద కూర్చుని విసుక్కునేవాడు.

"మా ఆవిడ నన్ను ఇంత శ్రద్ధగా చూసుకుని ఉంటే ఈపాటికి నేనూ బరువెక్కి ఉండేవాణ్ణండీ," అనేవాడు.

"నిన్ను కొరికి చూడాలంటే ఆవిడకి పళ్ళు మిగలాలి కదరా," అనేది అత్త. డ్రైవరు పగలబడి నవ్వేవాడు. అత్త నవ్వేది కాదు.

ఎకరానికి పన్నెండు బస్తాలు పండిన నేల పదేళ్ళు తిరిగేసరికి ఇరవై ఇచ్చింది. జల్లెడ పడితే పైన నిలిచే లావు గింజ నూటికి తొంభై పాళ్ళు. ఊళ్ళో అందరూ ఆవిణ్ణి గింజలత్త అనడం మొదలుపెట్టారు. నాకు మాత్రం ఒక విషయం అర్థమయ్యేది కాదు. పంట బాగా వచ్చిన ఏడాదే అత్తకు అన్నం సహించేది కాదు. ఒకసారి కొట్టంలో బస్తాల మధ్య ఒక్కతే నిలబడి తనలో తను అనుకుంటుంటే విన్నాను.

"ఇంత తేలికా? రెండు రోజులు ఆగడం ఇంత తేలికైన పనా?"

నాకు ఇరవై రెండేళ్ళు వచ్చిన ఏడాది మిల్లు వాళ్ళు రైతుల సభ పెట్టారు. వరసగా మూడేళ్ళు మేలైన గింజ తెచ్చిన రైతుగా అత్తను మాట్లాడమన్నారు. అమ్మా నేనూ మూడో వరసలో కూర్చున్నాం. అత్త విత్తనం గురించి చెప్పింది, కాలవల గురించి చెప్పింది, యూరియా గురించి చెబుతూ ఇద్దరు ముగ్గురితో వాదన కూడా వేసుకుంది. ఇంతలో వెనకనుంచి ఒక ముసలి రైతు లేచాడు.

"అన్నీ బాగానే ఉన్నాయమ్మా. కోతకి ముందు మబ్బు పట్టిందనుకో, అప్పుడేం చేస్తావు?"

అత్త మైకు రెండు చేతులా పట్టుకుంది.

"ఒకసారి నేను ఆగలేదండీ," అంది.

ఇక అంతా చెప్పేసింది. అన్నయ్య వద్దన్నా కోయించిన సంగతీ, గాదె గడ్డకట్టిన సంగతీ. రేకు మీద గుర్తు సంగతి కూడా. అది అప్పటిదాకా ఎవరికీ తెలియదు.

"నాకు ఒక చప్పుడు వినపడింది. తలుపు తెరిచాను. గింజ బాగా వస్తోందని సంతోషపడ్డాను కూడా. ఆయన ఒకసారే కొట్టాడో, రెండుసార్లు కొడితే రెండోది మోటారు మోతలో కలిసిపోయిందో నాకు తెలియదు. పదమూడేళ్ళయింది. వింటూనే ఉన్నాను, తెలియడం లేదు." మైకు దగ్గరనుంచి ఒక అడుగు వెనక్కి వేసి, మళ్ళీ ముందుకొచ్చింది. "మబ్బు పడితే ఆగండి. పోతే పంట పోతుంది. గింజ గడ్డకడితే మాత్రం లోపలికి ఎవరూ దిగకండి. బయటినుంచే తవ్వుకోండి."

పక్కన అమ్మ చెయ్యి నా చేతిమీద ఉంది. మెల్లగా తీసేసుకుంది.

ఎనిమిది రోజులు అమ్మ అత్తతో మాట్లాడలేదు. వేళకు కంచంలో వడ్డించేది, వెళ్ళిపోయేది. అత్త సంజాయిషీ చెప్పుకోలేదు. తొమ్మిదో రోజు పొద్దున్నే అమ్మ డ్రైవర్ని పిలిపించి, గోనెపట్టా తీయించి, ఆ పాత మోటారు బాగుచేయమంది. రెండు గంటలు తంటాలు పడ్డాక అది తిరిగింది. నాన్న పోయాక ఆ మోత వినడం అదే మొదటిసారి.

"అమ్మాయ్, నువ్వు ఆ రోజు ఎక్కడ నిలబడ్డావో అక్కడ నిలబడు," అంది అమ్మ అత్తతో.

"వదినా, ఎందుకిది?"

"నిలబడు."

అమ్మ కర్ర పట్టుకుని నిచ్చెన ఎక్కింది. పై కంతలోంచి చెయ్యి లోపలికి పెట్టి రేకు మీద కొట్టింది. నేను కళ్ళారా చూశాను, రెండుసార్లు కొట్టింది. మోటారు ఆపాక అత్తను అడిగింది.

"ఎన్ని?"

"ఒకటి," అంది అత్త.

నాకు గుండెల మీది బండ దిగినట్టయింది. "అమ్మ రెండు కొట్టిందత్తా! నేను చూశాను!" అని అరిచాను. అంటే ఆ రోజు నాన్న రెండు కొట్టి ఉన్నా, కింద ఎవరు నిలబడినా ఒకటే వినపడి ఉండేది.

అత్త తల అడ్డంగా ఊపింది. "ఇది చిల్లుపడ్డ ఖాళీ గాదె. నిండా గింజ ఉన్నప్పుడు రేకు మోగే తీరు వేరు. మోటారు కూడా తుప్పుపట్టి అప్పటికంటే ఎక్కువ అరుస్తోంది. దీంతో ఏమీ తేలదు వదినా." మడి మడికీ గింజ కొరికి చూసే మనిషి. తన మీద జాలితో కూడా తప్పు లెక్క ఒప్పుకోలేదు.

అమ్మ నిచ్చెన దిగి వచ్చింది. "తేలకపోతే పోనీ. ఇప్పుడు నువ్వు ఎక్కు. నేను కింద నిలబడతాను."

మోటారు మళ్ళీ వేశారు. అత్త పైనుంచి కొట్టింది. అమ్మ అడుగు తలుపు పిడి పట్టుకుని, కళ్ళు మూసుకుని నిలబడింది. చాలాసేపు అలాగే ఉంది. డ్రైవరు కంగారుపడి నా వంక చూశాడు. చివరికి అమ్మ చెయ్యి ఊపితే మోటారు ఆపాడు.

"నీకేం వినపడింది వదినా?" పైనుంచి అత్త అడిగింది.

అమ్మ చెప్పలేదు. "దిగు, జాగ్రత్తగా దిగు. మెట్టు ఊగుతోంది," అని నిచ్చెన పట్టుకుంది. ఆ తరువాత అత్త ఎన్నోసార్లు అడిగింది. నేనూ అడిగాను. అమ్మకిప్పుడు డెబ్భై దగ్గర పడుతోంది. ఇంతవరకూ చెప్పలేదు.

ఆ రోజునుంచి అమ్మ అత్తతో మామూలుగానే మాట్లాడింది. అంతకుముందు పొలం మొహం చూడని మనిషి, కోతల్లో గట్టు మీద పక్కనే కూర్చోవడం మొదలుపెట్టింది. ఇద్దరి మధ్యా ఏదో ఒక మూడో మనిషి కూర్చున్నట్టు కొంచెం ఎడం ఉంచుకునేవారు. అందులోకి నేను ఎప్పుడూ పోయి కూర్చోలేదు.

నిరుడు మళ్ళీ మబ్బు పట్టింది. గింజలో తేమ నూటికి పదహారు పాళ్ళు చూపించింది, అంటే ఇంకా పచ్చే. ఊరంతా పొలాల్లోకి కోత మిషన్లు దించారు. అత్త దించలేదు. మూడు రోజులు ముసురు పట్టి పల్లపు మడుల్లో పైరు నేలకొరిగింది, పొలమంతా కంకుల్లోనే మొలకలొచ్చాయి. మాల్టుకు పనికిరాదని మిల్లు వాళ్ళు గింజంతా వెనక్కి పంపారు.

ఆ ఏడాదంతా మా గేదెలు మొలక బార్లీ తిన్నాయి.