మెడ్రాసు గేరు వైరు

ఆ రోజుల్లో మా ఊళ్లో గేరు సైకిలంటే అందరికీ గౌరవం ఉండేది కానీ, నమ్మకం ఎవరికీ ఉండేది కాదు. నాకు మాత్రం ఉండేది. ఇరవై రెండేళ్ల వయసులో నాకు చాలా వాటి మీద నమ్మకం ఉండేది (ముఖ్యంగా నా తెలివి మీద). బీయస్సీ పూర్తిచేసి, ప్రత్తిపాడులో ఒక చిన్న ప్రైవేటు బడిలో లెక్కల టీచరుగా చేరాను. మా ఊరి నుంచి ఆరు కిలోమీటర్లు. సగం దూరం నల్లరేగట్లో బండ్లు నడిచే డొంక, మిగతా సగం గుంతల తారురోడ్డు. బస్సు ఉండేది కానీ, అది దానికి బుద్ధిపుట్టినప్పుడు వచ్చేది. చీరాలలో పనికి కుదిరిన అన్నయ్య ఇంట్లో వదిలేసి వెళ్లిన ఆరు గేర్ల సైకిలే నాకు దిక్కయింది.

నేను ఉద్యోగం చేయడం నాన్నకు ఇష్టం లేదని ఇంట్లో అందరి అభిప్రాయం. ఆయన అంత మాట అనలేదు. "సరే, వేసవి సెలవులదాకా చూద్దాం. నీవల్ల కాకపోతే మానేద్దువుగాని" అన్నాడంతే. ఆ 'కాకపోతే' నాకు ఎక్కడలేని రోషం తెప్పించింది. బడి నడిపే మేడమ్ మరో రకం మనిషి. "మూడుసార్లు లేటైతే చూస్తానమ్మా. నాలుగోసారి నువ్వు రానక్కర్లేదు" అని చేరిన రోజే నవ్వుతూ చెప్పింది. అంచేత ఆ సైకిలు సమయానికి నడవడం మీదే నా ఉద్యోగం, నా పరువు ఆధారపడ్డాయి.

సంక్రాంతి దాటాక మిరపకాయలు కల్లాలకెక్కాయి. డొంకంతా ట్రాక్టర్లే. ఆ దుమ్ము నా ముక్కులోకి వెళ్లినంత తేలిగ్గా గేరు వైరు గొట్టంలోకీ వెళ్లేది. లోపల వైరు పట్టేసి, అన్నిటికన్నా బరువైన గేరులో బిగుసుకుపోయేది. ఎదురుగాలికి పెడళ్ల మీద నిలబడి, మిరప ఘాటుకు తుమ్ముతూ తొక్కేదాన్ని. నెల తిరక్కముందే ఒక లేటు పడింది. సైకిల్ షాపాయన (ఊరందరికీ 'నట్టు బాబాయి') చూసి జాలిపడ్డాడు. "సీలు వైరని ఉందమ్మాయ్. రెండు కొసలా రబ్బరు మూతలుంటాయి. దుమ్ము పోదు, చెమ్మ పోదు. మెడ్రాసు నుంచి తెప్పించాలి. వేశామంటే ఏడాదిదాకా దాని మొహం చూడక్కర్లా" అన్నాడు. మామూలు వైరు చాలదా అని అమ్మ అంటున్నా వినకుండా, నేను దాచుకున్నదంతా తీసుకెళ్లి ఆయన చేతిలో పెట్టాను.

మొదటి వారం స్వర్గమే. వేలితో అలా అంటే టిక్కుమని గేరు పడేది. బడిపిల్లలు ఆ చప్పుడు వినడానికే నా చుట్టూ మూగేవాళ్లు. సోమవారం పొద్దున డొంక దాటేసరికి గేరు మళ్లీ మొరాయించింది. రెండో లేటు. "కొత్త వైరు గదా, సర్దుకుంటది" అన్నాడు నట్టు బాబాయి, పైపైన సవరించి. శనివారం దాకా ఎలాగో లాక్కొచ్చాను. మళ్లీ సోమవారం కల్లా మొదటికే వచ్చింది (ముందే బయల్దేరాను గనక లేటు పడలేదు). "ఇదేదో విశ్రాంతి దినం బాగా ఆచరిస్తన్నట్టుందే" అని ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆ ఆదివారం చర్చిలో ప్రార్థన చీటీ రాసి వేశాను (పేరు రాయలేదు). పాస్టరుగారు కళ్లజోడు సవరించుకుని, "ఒక సహోదరి సైకిలు గేరు కొరకు" అని గట్టిగా చదివారు. అందరూ వెనక్కి తిరిగి నన్నే చూశారు. ఎడ్లకు నీళ్లు పెట్టి వస్తానంటూ ప్రతి ఆదివారం ఆలస్యంగా వచ్చి వెనక బెంచీలో కూర్చునే నాన్న మాత్రం అందరికన్నా గట్టిగా "ఆమెన్" అన్నాడు.

మర్నాడు మూడో లేటు. మేడమ్ మూడు వేళ్లు చూపించింది. సాయంత్రం ఏడుపు ఆపుకుంటూ షాపుకెళ్లి, నీ మెడ్రాసు వైరు శుద్ధ మోసమని నట్టు బాబాయి మీద అరిచాను. ఆయన రబ్బరు మూత లాగి, వైరు బయటికి తీశాడు. దాంతోపాటు నల్లటి ముద్ద వచ్చింది. వాసన చూశాడు.

"ఏమ్మాయ్, మీకు ఎడ్లబండి ఉందా?"

"ఉంది. దానికీ దీనికీ ఏంటి?"

"ఇది కందెన."

గడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపి బండి ఇరుసుకు పెట్టే కందెన! బయటి దుమ్మును రానివ్వని ఆ మూతలు, లోపలి ముద్దను కూడా అంతే నిజాయితీగా బయటికి పోనివ్వలేదు. పాపం, వైరు తప్పేమీ లేదు. నట్టు బాబాయి నవ్వీ నవ్వీ, దాన్ని కిరసనాయిలుతో కడిగి, ఆరబెట్టి మళ్లీ బిగించాడు.

ఇంటికెళ్లేసరికి నాన్న ఎడ్లకు చొప్ప వేస్తున్నాడు.

"నా గేరు వైరులో కందెన పెట్టింది నువ్వేనా?"

"నేనే, ప్రతి ఆదివారం చర్చికొచ్చే ముందు. చాల్లేదా?"

"చాల్లేదా ఏంటి నాన్నా! నాతో ఉద్యోగం మానిపించాలనేగా ఇదంతా?" అనేశాను. ఆ మాటతోపాటు ఏడుపూ వచ్చేసింది.

నాన్న చొప్పకట్ట కింద పెట్టాడు. "మానిపించాలంటే ఇంత తిప్పలెందుకే? టైర్లో గాలి తీస్తే సరిపోయేది గదా. డొంకలో నువ్వు నిలబడి తొక్కతా ఉంటే పొలంలోంచి రోజూ చూస్తన్నా. చుక్క నూనన్నా పెట్టకుండా మూత బిగించాడేంట్రా సన్నాసి అనుకున్నా. ఇరుసెండిపోతే లాగే ఎద్దుకే గదా కష్టం!"

"అంటే నేను ఎద్దునా?"

"మంచి ఎద్దువి" అన్నాడు నాన్న, తడుముకోకుండా.

నాలుగో లేటు పడలేదు. ఆ సీలు వైరు రెండు మిరప సీజన్లు దాటినా దాని మొహం చూడాల్సిన పని రాలేదు. వేసవి సెలవులు వచ్చాయి, పోయాయి, 'కాకపోతే' అన్న మాట నాన్న మళ్లీ ఎత్తలేదు. అలాంటి వైరు కొనొచ్చా అని ఇప్పుడెవరైనా అడిగితే, డొంకల్లో తొక్కేవాళ్లయితే నిక్షేపంగా కొనమంటాను. కాకపోతే కొన్న రోజే ఇంట్లో అందరికీ చూపించి, దీనికేమీ పూయక్కర్లేదని చెప్పమంటాను. నేను ఆ ఒక్క ముక్క నాన్నకు చెప్పలేదు. అసలు ఆ రోజుల్లో ఆయనకు ఏమీ చెప్పేదాన్ని కాదు, నేను ఓడిపోతే చూడాలని ఎదురుచూస్తున్నాడనుకుని. లెక్కల టీచరునై ఉండి అంత తప్పు లెక్క ఎలా వేశానా అని, ఇప్పటికీ ఎక్కడన్నా గేరు టిక్కుమంటే నాలో నేనే నవ్వుకుంటాను.