చివరి సీను ముందేసిన సాయంత్రం

అప్పట్లో మాకు ఎండాకాలం పొద్దు వాలినాకనే మొదలయ్యేది. పగలంతా హిందూపురం తలుపులు వేసుకుని పడుకునేది. సాయంత్రం కాగానే జనం పిల్లల్నీ చాపల్నీ బొరుగుల పొట్లాల్నీ వెంటబెట్టుకుని మునిసిపల్ పార్కుకు చేరేవాళ్లు. గడ్డి ఎప్పుడో ఎండిపోయి ఉండేది గాని, మట్టి మీద నాలుగు బిందెలు నీళ్లు చల్లితే లేచే ఆ వాసనకే టిక్కెట్టు పెట్టవచ్చు. (పెట్టలేదు. పెడితే ఒక్కరూ రారని మా చిన్నాయన గట్టి నమ్మకం.) జారుడుబండ పక్కన రెండు ట్యూబులైట్లు, వెనక కట్టిన దుప్పటి, చిన్నాయన హార్మోనియం, అదే మా రంగస్థలం. ఇప్పుడు చల్లటి హాల్లో మెత్తటి కుర్చీలో కూర్చుని నాటకం చూస్తున్నప్పుడల్లా, సరిగ్గా కథ రసపట్టులో ఉండగా జారుడుబండ మీదినుంచి నటుల కాళ్ల మధ్యకు జారిపడే పిల్లలు లేకపోవడం నాకు పెద్ద లోటుగా తోస్తుంది.

నేను అప్పుడే డిగ్రీ ముగించాను. కాలేజీలో వక్తృత్వపు పోటీలన్నీ గెలిచినవాణ్ణి కావడంతో, ఈ సీమలో మూఢనమ్మకమనేది ఆ ఎండాకాలం దాటి బతకదని మనస్ఫూర్తిగా నమ్మాను. అందుకోసమే నాటకం రాశాను. కరువు ఊరికి ఒక స్వామి వస్తాడు, మంత్రం చదివి వాన తెప్పిస్తానంటాడు, జనం మొక్కుతారు. చివరి సీనులో ఒక చదువుకున్న యువకుడు (నేనే) వచ్చి ఆయన మోసాన్ని బయటపెట్టి, మేఘం ఎట్లా పుడుతుందో, వాన ఎందుకు కురుస్తుందో సుదీర్ఘంగా చెబుతాడు. మిగతా నాటకమంతా ఆ ఉపన్యాసానికి పెట్టిన మెట్ల వరస మాత్రమే. నా ప్రాణమంతా ఆ చివరి సీనులోనే ఉండేది.

స్వామి వేషం మా వీధి దర్జీ మామది. నమాజుకు వెళ్లొచ్చి, షాపు షట్టరు దించి, తను కుట్టుకున్న కాషాయం తొడుక్కునేవాడు. దానికి లోపల జేబు కూడా పెట్టుకున్నాడు. ఒకసారి మెడలో కొలత టేపు తియ్యడం మరిచిపోయి రంగం మీదికి వస్తే, అదేదో కొత్తరకం మాల అనుకుని ముందు వరసలో ఒకావిడ దండం పెట్టింది. మంత్రం ఎవరి మతాన్నీ నొప్పించకూడదని ఉత్తుత్తిదే కావాలన్నాను. మామ తనకు తెలిసిన బట్టల పేర్లన్నీ గంభీరంగా కూర్చాడు. "పాప్లినం, రుబియాయం, టెరికాటం, మల్లుగుడ్డం" అని ఆయన చేతులెత్తి చదువుతుంటే, నాటకం రాసిన నాకే ఒళ్లు జలదరించేది.

మొదట పెనుకొండలో వేశాం. మామ టెరికాటం దాకా వచ్చేసరికి గాలి లేచింది, మల్లుగుడ్డం దగ్గర పెద్ద పెద్ద చినుకులు పడ్డాయి. ఎండాకాలపు వాన, అందులో వింతేమీ లేదు. కానీ జనం చాపలు నెత్తిన కప్పుకుని ఉరికారు, నా చివరి సీను దుప్పటి వెనకే ఉండిపోయింది. ఆ తర్వాత ధర్మవరంలో. అక్కడా అంతే. పైగా అక్కడొక కుర్రాడు మంత్రాన్ని ఫోనులో పట్టాడు. వాన మొదలు కాగానే ఫోను తడుస్తుందని జేబులో పెట్టేసుకున్నాడు. ఆ ముక్క ఊరూరా తిరిగింది. చేతులెత్తిన స్వామి, మంత్రం, వాన. అక్కడితో సరి. అది నాటకమని తెలియజెప్పే భాగం లోకంలో ఎవరూ చూడలేదు.

హిందూపురంలో మా వంతు వచ్చేసరికి పార్కు బయట ఆటోలు నిలిచాయి. గుడిబండ నుంచి, అగళి నుంచి రైతులు వచ్చారు, కొందరి చేతుల్లో టెంకాయలు. వరసగా కాలం కాని ఏళ్లు అవి. బోర్లు ఎండిపోయాయి, శెనక్కాయ విత్తనం ఇంట్లో పెట్టుకుని వాన పదును కోసం కాచుకున్నవాళ్లు. అగళినుంచి వచ్చిన ఒకామె మామను ఆపి, "మళె బరుత్తా సామీ" అంది. వాన వస్తుందా అని. మామ కాషాయంలోనే బిక్కమొహం వేసి, "నేను జాకెట్లు కుట్టేవాణ్ణి తల్లీ" అన్నాడు. వెనకనుంచి మా వీధి ఆవిడ అందుకుంది. "నిజమే అక్కా, ఉగాదికిచ్చిన జాకెట్టు ఇంకా ఈలేదు. జాకెట్టు టైముకీయడు గానీ, వాన మాత్రం టైముకు తెప్పిస్తాండాడంట."

నేను చిన్నాయన మీద విరుచుకుపడ్డాను. "నాటకం ఆపేద్దాం. మూఢత్వం మీద రాస్తే మూఢత్వమే పెరుగుతాండాది."

"జనం ఇంతమంది వచ్చినారు కదప్పా. ఇంకేం కావల్ల నీకు?"

"నా చివరి సీను కావల్ల."

"అయితే దాన్నే ముందెయ్. వాన వస్తే తర్వాత వస్తాది."

విసుగుతో అన్న మాట అది. నాకు మాత్రం మహత్తరమైన ఉపాయంలా తోచింది. ముందు నిజం చెప్పేస్తాం, ఆ తర్వాత ఆకాశం దాని ఇష్టం. తెర తీయగానే నేనే ప్రవేశించి, ఇంకా రాని స్వామిని దులిపేసి, ఆవిరి దగ్గర మొదలుపెట్టి రుతుపవనాల దాకా ఒక్క వాక్యం వదలకుండా చెప్పాను. జనం బొరుగులు నములుతూ మర్యాదగా విన్నారు. ఇన్నాళ్ల ఆశ తీరుతుండగా, ముందు వరసలో ఒక పెద్దాయన పక్కవాడితో అన్నమాట నా చెవిన పడింది. "బాగానే చెప్తాండాడు గానీ, సామి యాడ?"

"వస్తాడుండు పెద్దాయనా. ఈ పిల్లోడు నమ్మడం లేదు కదా, సామి వచ్చి చూపిస్తాడు. కతంతా అదే."

సీన్లు తిరగేసేసరికి నా నాటకం నాస్తికుడి గర్వభంగంగా మారిపోయిందని, రంగం మధ్యలో నిలబడి ఉండగా అర్థమైంది. ఇక నన్ను కాపాడగలిగేది ఒక్కటే, వాన రాకపోవడం. మామ ప్రవేశించాడు. మంత్రం మొదలైంది. సరిగ్గా అప్పుడే పడమటినుంచి నల్లటి మబ్బు ఒకటి బయలుదేరింది. బొరుగులు నములుతున్నవాళ్లు నమలడం ఆపారు. అందరూ మామను వదిలేసి తలలు పైకెత్తారు. నేను ఒక పక్కన చేతులు కట్టుకుని, రావద్దు, ఈ ఒక్క పూట రావద్దు అని మనసులో వేడుకుంటున్నాను. (ఎవరిని వేడుకుంటున్నానో మాత్రం అడగకండి.)

మంత్రం అయిపోయింది. చినుకు రాలేదు. "ఇంక చాలు మామా" అని గొణిగాను. "ఎట్లా ఆపేదిరా, జనాన్ని చూడు" అని పెదవి కదలకుండా అని, మామ మళ్లీ మొదలుపెట్టాడు. బట్టల పేర్లు అయిపోయాయి. లైనింగు గుడ్డ, బొత్తాలు, దారపుండ కూడా అయిపోయాయి. అప్పుడు ఆయన కళ్లు మూసుకున్నాడు. గొంతు ఆగింది, పెదవులు మాత్రం కదులుతూనే ఉన్నాయి. అది నాటకంలో ఉన్న మాట కాదు. ఆయనేం చదివాడో నేనెప్పుడూ అడగలేదు. నేను జనం వైపు చూశాను. ఆ ఎత్తిన మొహాల్లో నా ఉపన్యాసాన్ని ఖండించేవాళ్లెవరూ కనపడలేదు. వాన కావలసినవాళ్లు కనపడ్డారు. చేతులెప్పుడు విప్పానో తెలియదు, నేనూ తల పైకెత్తి ఉన్నాను. వస్తే రానీ, నా నాటకం మంటగలిస్తే కలవనీ అనుకున్నాను.

రాలేదు. మబ్బు మా నెత్తిమీదుగా పెనుకొండ వైపు జరిగిపోయింది.

జనం చాపలు దులుపుకుని లేచారు. టెంకాయలు సంచుల్లోకి పోయాయి. ఎవరూ మోసమనలేదు, స్వామిని ఎవరూ తిట్టలేదు. "సామి మంచోడే. ఆ పిల్లోడే ముందుగా వచ్చి అంత వాదం పెట్టుకోకుండా ఉంటే వాన వచ్చుండు" అని తీర్పు చెప్పుకుంటూ ఆటోలెక్కారు. గుడిబండనుంచి వచ్చిన ఒక పెద్దాయన చిన్నాయన దగ్గర ఆగి, "వచ్చే ఏడు మా ఊరికి రాండప్పా. అయితే ఆ పిల్లోణ్ణి మాత్రం తోడుకొని రావద్దు" అని మర్యాదగా చెప్పి పోయాడు.

మామా నేనూ కలిసే ఇంటికి నడిచాం. కాషాయం మడిచి చంకలో పెట్టుకున్నాడు.

"ఏమప్పా, నీ సీను అంతా చెప్పుకున్యావు. వాన కూడా రాలే. సంతోషమేనా?"

"సంతోషమే మామా."

"మరి పైకి చూసుకుంటా నడుస్తాండావే. కింద గుంతలుండాయి, చూసుకో."

ఆ ఉపన్యాసంలో ఈనాటికీ ఒక్క వాక్యం కూడా మార్చను. మంత్రానికి వాన రాదు. ఆ మాట ఎవరితోనైనా, ఎక్కడైనా వాదిస్తాను, వాదిస్తూనే ఉన్నాను. కానీ ఆ సాయంత్రం తన వాదం కళ్లెదుటే రుజువైనా, మెడ నొప్పి పుట్టేలా ఆకాశాన్నే వెతుకుతూ ఇంటిదారి పట్టిన ఆ కుర్రవాడంటే, నేను గెలిచి వచ్చిన సభలన్నిటికంటే ఎక్కువ ఇష్టం. మామ చెప్పిన గుంతలోనే కాలు వేశాడు, పాపం.