జరుగు మాణిక్యప్ప

మా నారాయణఖేడ్ మాణిక్యప్ప నోటికి తెలిసిన మొదటి మాట ‘జరుగు’. మనిషి కనిపిస్తే నమస్తే కంటే ముందు అదే వస్తుంది. బ్యాంకులో క్యాషియర్ ముందు నిలబడ్డవాణ్ని జరగమంటాడు. బస్టాండులో మనూరు బస్సు కోసం చూస్తున్నవాళ్లను జరగమంటాడు. ఒకసారి కటింగ్ షాపులో, తనకూ అద్దానికీ మధ్య నిలబడ్డాడని గడ్డం గీసే దశరథ్‌నే జరగమన్నాడు.

“నేను జరిగితే గడ్డమెవడు గీకుతడే?” అన్నాడు దశరథ్.

“గీకు, వద్దన్ననా? పక్కకుండి గీకు.”

పెళ్లిచూపుల నాడు కూడా ఇదే వరస. “నన్ను చూసుడు కంటె ముందు మా మేనత్తను జరుగుమన్నడు. గప్పుడే లేచి పోవాల్సింది” అని ఆయన భార్య రుద్రమ్మ ఇప్పటికీ వచ్చినవాళ్లందరికీ చెబుతుంది. చెప్పినప్పుడల్లా నవ్వుతుంది కాబట్టి మేమెవరం జాలిపడం.

మాణిక్యప్ప పని పెళ్లిళ్లలో స్క్రీన్ పెట్టడం. మండపంలో కెమెరా తీసేది హాలు పక్కన నిలబెట్టిన పెద్ద తెర మీద కనబడాలి. ఈ రోజుల్లో అది లేకపోతే పెళ్లి చూసినట్టే కాదు. ముహూర్తం వేళకు చుట్టాలు, ఫొటోలవాళ్లు, ఫోన్లవాళ్లు అందరూ మండపమెక్కి నిలబడతారు, కింద కూర్చున్నవాళ్లకు వీపులు తప్ప ఏమీ కనిపించవు. ఇక నాది టెంట్ హౌస్. కుర్చీలు, బల్లలు, తివాచీలు నావి. అందుకే ప్రతి పెళ్లిలో మేమిద్దరం కలుస్తాం, కలిసిన ప్రతిసారీ పోట్లాడుకుంటాం. నేను ఎక్కడ కుర్చీ వేస్తే సరిగ్గా అక్కడే ఆయనకు దారి కావాలి.

మొదట్లో కెమెరా నుంచి తెరకు వైరు లాగేవాడు. ఆ వైరు తట్టుకుని ఎంతమంది పెద్దమనుషులు నా కుర్చీల మీద పడ్డారో లెక్కలేదు. తర్వాత హైదరాబాద్ పోయి వైరు లేకుండా బొమ్మ పంపే జత పెట్టెలు తెచ్చాడు. ఒకటి కెమెరా దగ్గర, ఒకటి తెర దగ్గర. ‘మిల్లీమీటర్ పెట్టె’ అని పేరు పెట్టుకున్నాడు. పుట్టుకతో వచ్చిన జరుగు జబ్బు ఆ పెట్టెతో ముదిరింది. ఆ రెండు పెట్టెల మధ్య మనిషి నిలబడితే చాలు, తెర నల్లబడిపోతుంది.

కల్హేర్ పెళ్లిలో పెళ్లికొడుకు మేనమామ ఒకాయన, ధాన్యం బస్తాలాంటి మనిషి, సరిగ్గా ఆ మధ్యలో నిలబడ్డాడు.

“మామా, జరుగు.”

“నేను పిలగాని మేనమామను. నేనెందుకు జరగాలె?”

“నువ్వు ఎవరివైనా గాని, నా పెట్టెకు గోడవే.”

“మా ఇంట్ల వైఫై మూడు గోడలు దాటి బర్రెల కొట్టం దాంక వస్తది. నీదేంది, నన్ను దాటలేదా?”

మాణిక్యప్పకు పాఠం చెప్పే అవకాశం దొరికితే ముహూర్తం కూడా గుర్తుండదు. “గా వైఫై అల బెత్తెడంత ఉంటది మామా. జర్రున గోడ దాటిపోతది. నాది పెసరగింజంత. గోడను దాటదు, మనిషిని దాటదు, చెయ్యి అడ్డం పెట్టినా ఆగుతది. దూరం పోదామంటే గాలిల ఉన్న ఆక్సిజనే దాన్ని తింటది.”

మేనమామ హాలంతా ఒకసారి కలియజూశాడు. “గాలి తింటదా? అయితే గింతమందిమి గా గాలిని పీల్చి తక్కువ చేస్తున్నం గద. నీకు ఫాయిదానే!” అని ఇంకా గట్టిగా ఊపిరి తీసుకుంటూ అక్కడే నిలబడ్డాడు.

“గంత కమ్‌జోర్ పెట్టె ఎందుకు తెచ్చినవే?” అని ఆ రోజు నేనూ అడిగాను.

“కమ్‌జోర్ గాదు ధర్మేందర్, మోసే తాకతు మస్తున్నది. మీ ఇండ్లల్ల వైఫై చానెళ్లు మన పాత బజార్ గల్లీలు. ఒక్క ఆటో అడ్డమొస్తే అన్నీ బంద్. గీ అరవై గిగాహెర్ట్జ్ కాడ ఒక్కొక్క చానెల్ నాందేడ్ హైవే లెక్క. మీ ఇంటి చానెల్ కంటె పదింతలకు పైనే వెడల్పు. బొమ్మను నలగ్గొట్టకుండ ఉన్నదున్నట్టు పంపొచ్చు. ఇంకో మాట, పక్కపక్క హాళ్లల్ల రెండు లగ్గాలకు ఒకటే చానెల్ పెట్టినా కొట్లాడుకోవు. నడుమ గోడ ఉన్నది గద.”

“వియ్యంకుల నడుమ గూడ గసొంటి గోడ ఒకటుంటే మంచిగుండు” అన్నాను.

“నువ్వు జరా జరుగు. కెమెరాకు అడ్డమున్నవ్.”

ఇక్కడితో ఆగితే సగం పిచ్చే. ఆయన దగ్గర రెండో జత పెట్టెలు కూడా ఉన్నాయి. పెద్ద తెరకు ఒక చానెల్, ఈ రెండో జతకు ఇంకో చానెల్. అది పోయేది వంటింటి పక్కన మూలగదిలో పెట్టుకునే చిన్న టీవీకి. మండపం నుంచి ఆ గది కనబడదు. అందుకని మాణిక్యప్ప వంట బగోన మూత ఒకటి తెచ్చి, మూల మలుపు దగ్గర గోడకు పైన, జనం తలలకు అందనంత ఎత్తులో తీగతో కట్టేవాడు. అద్దం మీద పడ్డ ఎండ పక్క గోడకు కొట్టినట్టు, ఆయన పెసరగింజ అల స్టీలు మూతకు తగిలి మలుపు తిరిగి టీవీకి చేరుతుంది. నిచ్చెనెక్కి ఆ మూతను అటు తిప్పి ఇటు తిప్పి చూసుకుంటుంటే, పెళ్లికొచ్చినవాళ్లు అదేదో దిష్టి తీసే పద్ధతి అనుకునేవాళ్లు.

“వంటింటి కాడ టీవీ ఎవరికే?” అంటే, “టెస్టింగ్” అనేవాడు. అంతకు మించి చెప్పడు.

ఊరు ఊరుకుంటుందా? మొదటి వాయి భక్ష్యాలు తినడానికే మాణిక్యప్ప వంటింటి పక్కన దుకాణం పెడుతున్నాడని తేల్చింది. అక్కడి నుంచి వచ్చినప్పుడల్లా ఆయన మీసాలకు నెయ్యి ఉండేది. సాక్ష్యం అంత బలంగా ఉంటే నమ్మకుండా ఎట్లా? నేనూ నమ్మాను.

పోయిన ఎండాకాలం సంతోషి పెళ్లి కుదిరింది. పిల్లోడిది కంగ్టి. సంతోషి తల్లి రామవ్వ కుట్టుమిషన్ తొక్కి పిల్లను పెంచింది. భర్త పోయేనాటికి పిల్లకు ఇంకా నడక రాలేదు. కుర్చీలు మాట్లాడటానికి ఆమే నా దుకాణానికి వచ్చింది. అన్నీ అయ్యాక గుమ్మంలో ఆగింది.

“తమ్మీ, వంటింటి దిక్కు ఒక్క కుర్చీ మంచిది వెయ్యి. గా కుర్చీ నాకు.”

“నువ్వు పిల్ల తల్లివి రామవ్వా. వంటింట్ల ఏం పని?”

“మొగుడు పోయినదాన్ని. జీలకర్ర బెల్లం కాడ నా మొకం ఉండద్దంటరు. మా మరిది మొగులప్ప, ఆయన పెండ్లాం కన్యాదానం చేస్తరు. పిల్ల సల్లగుంటే సాలు. బ్యాండ్ చప్పుడన్న ఇనవడుతది గద.”

నాకు కోపం వచ్చింది. ఎవరి మీద చూపించాలో తెలియలేదు. ఉన్న కుర్చీల్లో మెత్తనిది వెతికి పక్కన పెట్టాను. నా చేతిలో ఉన్నది అంతే.

పెళ్లి రోజు ఆ కుర్చీ పట్టుకుని మూలగదికి పోయాను. మాణిక్యప్ప భుజం మీది తువ్వాలతో టీవీ తుడుస్తున్నాడు. టీవీ ముందు రామవ్వ, ఆమె పక్కన ఆమెలాగే భర్త పోయిన ముసలవ్వలు ఇద్దరు ముగ్గురు కూర్చున్నారు.

“మాణిక్యప్పా, కల్హేర్ లగ్గంల తలంబ్రాలు మంచిగ కనవడ్డయి బిడ్డా” అంటూ ఒక అవ్వ తన ఆకులోని భక్ష్యంలో సగం తుంచి ఆయన నోట్లో పెట్టింది. నెయ్యి మీసాలకు అంటింది.

నా చేతిలో కుర్చీ అట్లాగే ఉంది. “నీ టెస్టింగ్ ఇదానే?”

ఆయన నా వైపు తిరగలేదు. “మా అక్క లగ్గం నాడు, నాయన లేడని మా అవ్వను సామాన్ల గదిల కూసోబెట్టిండ్రు. ఏమైతుందో చూసి చెప్పరా అని నన్ను తలుపు కాడ నిలబెట్టింది. నాకేం కనవడలే. అన్నీ వీపులే. అవ్వకు ఏం చెప్పాలె? గప్పటి సంది జరుగు జరుగు అంటనే ఉన్న. ఇగ నువ్వు జరుగు, టీవీకి అడ్డమున్నవ్.”

ఆ రోజు మాత్రం నేను పోట్లాడకుండా జరిగాను.

ముహూర్తం దగ్గరపడింది. మాణిక్యప్ప మండపం దగ్గర కెమెరా పక్కకు పోయాడు. మూలగదిలో టీవీ నిండా సంతోషి. రామవ్వ రెప్ప వేయడం లేదు. అయ్యగారు జీలకర్ర బెల్లం పిల్ల చేతిలో పెట్టారు, అంతే, టీవీ నల్లబడింది.

“పోయింది” అంది రామవ్వ.

నేను బయటికి ఉరికి పైకి చూస్తే గోడ మీద తీగ మాత్రమే వేలాడుతోంది. వంట శంకరప్పను పట్టుకున్నాను.

“మూతేదే?”

“పప్పు మీద. నాది సొట్టవోయింది. గోడకు మంచిగున్నది ఊకెనే ఏలాడుతుంటే తెచ్చిన. ఏమైంది?”

దాన్ని తీసి, కడిగి, నిచ్చెనెక్కి కట్టి, వాలు కుదిర్చేసరికి అప్పగింతలే అయిపోతాయి. నేను జనం మీదుగా చేతులూపి అరిచాను: “మాణిక్యప్పా! మూత పప్పు మీదున్నదే!”

పెళ్లికి వచ్చినవాళ్లకు ఏమీ అర్థం కాలేదు. ఆయనకు అంతా అర్థమైంది. “టీవీని తలుపు కాడికి గుంజు! పెట్టె తిప్పి బొమ్మను సీదా కొడుత!” అని, అయ్యగారి ముందున్న మైకు లాక్కున్నాడు.

“జరుగుండ్రి! నడుమకెళ్లి అందరు జరుగుండ్రి!”

ఇన్నేళ్ల అలవాటు ఊరికే పోదు. ఎందుకని ఒక్కరూ అడగలేదు. సగం మంది ఎడమకు, సగం మంది కుడికి జరిగారు. అడ్డమున్న నా కుర్చీలను నేనే కాళ్లతో తన్నాను. నేనూ శంకరప్పా టీవీ బల్లను వంటింటి తలుపులోకి గుంజాం. మండపం నుంచి అక్కడి దాకా హైవే పడింది. టీవీలో బొమ్మ వచ్చింది. హమ్మయ్య అని నేను అక్కడే నేల మీద కూలబడ్డాను.

టీవీ వెంట తలుపు దాకా వచ్చిన రామవ్వ మాత్రం టీవీ వైపు చూడటం లేదు. ఆ ఖాళీ దారి చివర పెళ్లిపీటల మీద కూర్చున్న కూతురు కళ్లకు నేరుగా కనిపిస్తోంది. కూతురికి తల్లి కనిపించింది. సంతోషి చెయ్యి గాలిలో ఆగిపోయింది.

“అమ్మ రానీ. అమ్మ వచ్చినంకనే పెడత.”

“ముహూర్తం దాటుతుందమ్మా” అన్నారు అయ్యగారు.

అందరూ మొగులప్పను చూశారు. ఎవరి వెనకైనా నిలబడదామంటే ఆయన ముందు ఒక్క మనిషి లేడు, మాణిక్యప్ప అందరినీ జరిపేశాడు. మొగులప్ప తువ్వాల సర్దుకుని మండపం దిగి, ఆ దారంతా నడిచి వదిన ముందుకు వచ్చాడు.

“వదినె, రా. అన్న ఉంటే నన్ను గిప్పటికే నాలుగు తిట్టేటోడు. జల్దీ రా.”

రామవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కదల్లేదు. అప్పుడు మైకులో మాణిక్యప్ప గొంతు వినిపించింది. కన్నడ సరిహద్దు మనిషి కదా, ఆయన కోపం తెలుగులో, ప్రేమ కన్నడంలో ఉంటుంది. “బర్రి అవ్వా, బర్రి” అన్నాడు. రా అమ్మా, రా అని.

ఆమె నడిచింది. సరిగ్గా అలకు అడ్డంగా నడవడంతో టీవీ మళ్లీ నల్లబడింది. మండపమెక్కి కూతురి పక్కన, కెమెరా పెట్టెకు ఎదురుగా నిలబడింది. పెద్ద తెర కూడా నల్లబడింది.

“స్క్రీన్ పోయింది! స్క్రీన్ పోయింది!” అని కంగ్టి వాళ్లు గోల పెట్టారు.

హాలంతా మాణిక్యప్ప వైపు తిరిగి ఆ ఒక్క మాట కోసం ఎదురుచూసింది. ఆయన నోరు తెరిచాడు, మూశాడు. “పోనియ్యుండ్రి. కండ్లున్నయి గద, లేచి చూడుండ్రి” అన్నాడు.

అందరం లేచి నిలబడ్డాం. మేళం మోగింది, జీలకర్ర బెల్లం పడింది, తల్లి చెయ్యి కూతురి తల మీద ఉంది. నా జన్మలో అంత స్పష్టంగా ఏ పెళ్లీ చూడలేదు. రామవ్వ పక్కన మొగులప్ప నిలబడి, ఎవరూ చూడటం లేదనుకుని తువ్వాలతో కళ్లు తుడుచుకుంటున్నాడు.

మాణిక్యప్ప మెల్లగా ఆయన దగ్గరికి పోయి భుజం మీద తట్టాడు.

“గామె ఉండనీ మొగులప్పా. నువ్వు జరుగు.”