ఎండిన బోరులో గొంతు

మాసయ్య హార్మోనియం పెట్టెలు బాగుచేస్తాడు. వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూలు మూడు జిల్లాల్లో ఏ చర్చిలో పెట్టె మూగబోయినా, ఏ భజన మండలిలో గాలి తిత్తి చినిగినా ఆయనకే ఫోను. మల్దకల్ గుడి దగ్గరి భజనవాళ్లు జాతరకు ముందు ఏటా ఆయన్నే పిలిపించుకుంటారు. పాత స్కూటరు మీద వస్తాడు, చాప మీద పెట్టె విప్పి, గాలికి పలికే ఇత్తడి నాలుకల్లాంటి రీడ్లన్నీ వరసగా పేర్చి, ఒక్కోదాన్నీ నోటితో ఊది చూస్తాడు. మా ఇంటి పెట్టెకు రెండుసార్లు వచ్చాడు. ఆ రెండోసారే నాకు ఈ సంగతంతా చెప్పాడు.

ఆయన ఊరు వనపర్తి దగ్గర పెద్దమందడి మండలంలో. వయసులో ఉన్నప్పుడు అందరిలాగే కాలువ పనులకు షోలాపూర్ దిక్కు పోయాడు. అక్కడ గుడిసెల్లో ఉండే రాయచూరు ముసలాయన ఒకడు సాయంత్రాలు పెట్టె వాయించేవాడు. పలుగు పట్టిన చేతులతోనే మాసయ్య ఆయన దగ్గర నేర్చుకున్నాడు. తిరిగొచ్చాక వాళ్ల వాడ చర్చిలో వాయించడం మొదలుపెట్టాడు. పాడేది భార్య రూతమ్మ. ఆమెది చిత్రమైన పద్ధతి. చరణం చివర కాదు, మాట మధ్యలో ఊపిరి తీసుకునేది. "నా దేవా" అనాలంటే "నా దే" దగ్గర ఆగి, గుక్క పట్టి, "వా" అనేది. వినేవాళ్లు నవ్వేవాళ్లు. మాసయ్య మాత్రం ఆ గుక్క కోసం వేళ్లు ఆపి ఎదురుచూసేవాడు. నాట్లలో పాడే ఒక బాణీకి ఆమె తానే దేవుడి మాటలు కట్టుకుంది. ఆ పాట వాళ్లిద్దరిదే. పదేళ్ల కింద కామెర్లతో రూతమ్మ పోయింది. ఆ తర్వాత చర్చిలో వేరేవాళ్లు వాయిస్తున్నారు. మాసయ్య బాగుచేయడం వరకే ఉండిపోయాడు.

రెండేళ్ల కిందటి మాఘమాసంలో ఊరి రైతు లింగయ్య హోటల్ దగ్గర కనబడి, "మాసన్నా, మా గుట్ట చేన్ల బోరు ఈల ఏస్తుందే" అన్నాడు.

ఆరు వందల అడుగులు తవ్వినా చుక్క నీరు పడని బోరు అది. మూతికి గోనెసంచి కట్టి వదిలేశాడు. పొద్దు పైకొచ్చేకొద్దీ ఆ సంచి ఉబ్బుతుందట, పొద్దు వాలినాక లోపలికి పీక్కుపోతుందట.

"నీ పెట్టె తిత్తి లెక్కనే ఉన్నది. నువ్వు పోయి ఓపాలి చూడు. నేను ఈ వారం ఊర్ల ఉండ."

ఆదివారం ప్రార్థన అయ్యాక మాసయ్య కూతురు శిల్పను తీసుకుని వెళ్లాడు. శిల్ప వనపర్తిలో జిరాక్సు షాపులో పనిచేస్తుంది. మిట్ట మధ్యాహ్నం. చేనంతా కోసిన కంది మోళ్లు, పక్కన గుట్ట, మనిషి జాడ లేదు. మాసయ్య గోనెసంచి విప్పి మూతి మీద చెయ్యి పెట్టాడు. అరచేతికి చల్లటి గాలి తగిలింది. ఎండాకాలం మొదలవుతున్నా ఆ గాలి రాతి గుహలోంచి వచ్చినట్టు ఉంది. చెక్కపలకకు నాలుగు రంధ్రాలు చేసి, నాలుగు పాత రీడ్లు బిగించి తెచ్చాడు. దాన్ని గొట్టం మూతికి అమర్చి అంచులకు మైనం పూశాడు.

ముందు ఏమీ లేదు. తర్వాత సన్నగా ఒక రీడు పలికింది. దాని వెంట రెండోది. కాసేపట్లో నాలుగూ కలిసి లేస్తూ, పడుతూ, మళ్లీ లేస్తూ మోగాయి. ఎవరూ వాయించడం లేదు. భూమి వదిలే గాలికి అవే పలుకుతున్నాయి.

"నాయినా, నువ్వు గూడ వాయించు. వీడియో తీస్త."

మాసయ్య పెట్టె ముందేసుకున్నాడు. ఎనిమిదేళ్లుగా ముట్టని రూతమ్మ పాట వేళ్లకు దానంతటదే వచ్చింది. ఎందుకు అదే వచ్చిందో ఆయనకూ తెలియదు.

శిల్ప ఆ రాత్రి వీడియో పెట్టింది. మూడు రోజుల్లో లక్షల మంది చూశారు. రంపం మీద వాయించేవాళ్లు, సొరకాయల్ని ఊదేవాళ్లు, గాజు గ్లాసులతో రాగాలు తీసేవాళ్లు, అలాంటి వీడియోల పక్కన మాసయ్య బోరు కూడా చేరింది. కొందరు అబద్ధమన్నారు, గొట్టంలో స్పీకరు దాచారన్నారు. ఇంకొందరు ఇంకో మాట అడిగారు. శిల్ప ఫోను పట్టుకుని తండ్రి దగ్గరికి వచ్చింది.

"నాయినా, వీళ్లంత ఒకటే అడుగుతున్నరు. ఎనక పాడేటి ఆడమనిషి ఎవరు అని."

"ఆడమనిషి ఏందే? మనిద్దరమే గద ఉన్నది."

చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. రీడ్ల మోత, పెట్టె, వాటి అడుగున ఎక్కడో ఒక కూనిరాగం. ఆడగొంతు. మాటలు లేవు, బాణీ మాత్రమే. రెండో వరుసలో, మాట సగంలో విరగాల్సిన చోట, అది ఆగింది. గుక్క పట్టింది. మళ్లీ ఎత్తుకుంది.

మాసయ్య ఫోను కూతురి చేతిలో పెట్టి, "గాలి చప్పుడు" అన్నాడు. లేచి పెరట్లోకి పోయి చాలాసేపు నిలబడ్డాడు.

అప్పటినుంచి పని లేని ప్రతి మధ్యాహ్నం పెట్టె నెత్తిన పెట్టుకుని గుట్ట చేనికి పోయేవాడు. బోరు ఊపిరి వదిలే వేళ అదే. పాట వాయించి, ఆపి, గొట్టానికి చెవి ఆనించేవాడు. మొదటి పది రోజులు గాలి తప్ప ఏమీ లేదు. పదకొండో రోజు వినబడింది, ఫోనులో కాదు, చెవికే. బాణీ అదే, గుక్కా అదే. పెట్టె ఆపితే గొంతు ఆగేది. మళ్లీ మొదలుపెడితే కొంచెం సేపటికి అందుకునేది. నెల రోజులు ఇలా సాగింది. అన్నం సరిగా తినేవాడు కాదు. బాగుచేయమని ఇచ్చిన పెట్టెలు ఇంట్లో పేరుకుపోయాయి. శిల్ప అడిగితే, "జర ఆగు బిడ్డా" అనేవాడు. ఎందుకు ఆగాలో చెప్పేవాడు కాదు.

ఏప్రిల్లో గద్వాల నుంచి సతీష్ అనే కుర్రవాడు వచ్చాడు. వింత వాయిద్యాల వీడియోలు తీయడమే అతని పని. మంచి మైకు, పెద్ద హెడ్‌ఫోన్లు తెచ్చాడు. లింగయ్య సరేనన్నాడు. మైకును తాడుకు కట్టి బోరులోకి దింపుతామంటే మాసయ్య ఒప్పుకోలేదు.

"వొద్దు. గట్ల గెలకొద్దు."

"ఏం గాదు కాకా. ఊకె వింటం, అంతే."

లింగయ్య నచ్చజెప్పాక మాసయ్య పెట్టె ముందు కూర్చున్నాడు. పలక అంచున మైనం తీసి, ఆ సందులోంచి సతీష్ తాడు వదులుతూ పోయాడు. వంద అడుగులు, నూటయాభై. మాసయ్య రెండు వరుసలు వాయించాడు. సతీష్ తాడు ఆపేశాడు. హెడ్‌ఫోన్లు తీసి శిల్పకు ఇచ్చాడు. ఆమె విని, తండ్రి వైపు చూసింది. తల్లి పోయేనాటికి ఆమెకు పదహారేళ్లు. ఆ గుక్క ఆమెకూ తెలుసు.

కానీ శిల్ప ఇంకో చప్పుడు కూడా పట్టుకుంది. పాట మధ్యలో ఎవరో దగ్గారు. గాజులు గొట్టానికి తగిలినట్టు ఇనుప మోత వచ్చింది.

"లింగయ్య పెదనాయినా, మీకు ఇంకో బోరు ఉన్నదా?"

"గుట్ట అవుతల ఉన్నది. అదీ ఎండిందే."

శిల్ప పరుగెత్తింది. మిగతావాళ్లు వెనక నడిచారు. గుట్ట దాటగానే కనబడింది: రెండో బోరు పక్కన ఒక ఆడమనిషి మోకాళ్ల మీద కూర్చుని, గొట్టం మూతికి ముఖం ఆనించి పాడుతోంది. ఆమె లింగయ్య భార్య బాలనాగమ్మ.

అలికిడికి తల ఎత్తింది. ఇంతమందిని చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏందే ఇది?" అన్నాడు లింగయ్య. కోపం కంటే భయమే ఎక్కువగా ఉంది ఆ గొంతులో.

ఆమె భర్తకు కాదు, మాసయ్యకు చెప్పింది. "కలుపు తీసేటప్పుడు రూతక్క, నేను పక్క పక్క సాళ్లల్ల ఉంటుంటిమి. ఈ పాట ఆమెనే నేర్పింది. గుక్క తీసుడు గూడ గట్లనే వచ్చింది నాకు. ఆమె సచ్చిననాడు మా ఇంటోళ్లు మీ వాడకు రానియ్యలే నన్ను. మొకం గూడ చూడలే." గొట్టం వైపు చూపించింది. "పోయిన నెల ఈడ కట్టెలేరుతుంటే, ఈ గొట్టంల నుంచి హార్మోనియం వినబడ్డది. ఆమె పాటనే. ఆమెనే పిలుస్తుంది అనుకున్న. నేను గూడ పాడిన. దినాం వస్తున్న. కింద ఆమె ఉన్నది, నాకు జవాబు ఇస్తుంది అనుకున్న మాసన్నా."

నెల రోజులుగా మాసయ్య ఎవరి కోసం వాయించాడో, ఆమె కోసమే బాలనాగమ్మ పాడింది. ఆరు వందల అడుగుల లోతున రాతి పగుళ్లలోంచి ఇద్దరూ ఒకరి గొంతు ఒకరు విన్నారు. ఇద్దరూ దాన్ని ఆమె అనుకున్నారు. ఆయనకు ముందు సిగ్గేసింది, తర్వాత రూతమ్మ రెండోసారి పోయినట్టు ఏడుపు వచ్చింది. బాలనాగమ్మ కూడా ఏడ్చింది. సతీష్ కెమెరా కిందికి దించేశాడు. ఆ మర్యాద తెలిసినవాడు.

అందరూ చేను గట్టు మీద కూర్చుని నీళ్లు తాగాక, కొంచెం తేలికపడినట్టు అనిపించాక, సతీష్ అన్నాడు, "అయితే మొదటి వీడియోల పాడింది గూడ మీరేనా పెద్దమ్మా? లక్షల మంది అడిగిండ్రు."

"ఎప్పటిది అది?"

శిల్ప ఫోను తీసి తేదీ చెప్పింది. ఫిబ్రవరి పదకొండు, ఆదివారం, పన్నెండున్నర.

బాలనాగమ్మ భర్త వైపు చూసింది. లింగయ్య చేతిలోని చెంబు కింద పెట్టాడు.

"ఆ దినం మేం వనపర్తి దవాఖానల ఉంటిమి" అన్నాడు మెల్లగా. "దీని కన్ను ఆపరేషన్ అయ్యింది. శుక్రవారం పోయి మంగళవారం వచ్చినం. అందుకే గద నేను ఊర్ల ఉండ అన్నది."

గుట్ట అవతల నుంచి నాలుగు రీడ్ల మోత ఇంకా సన్నగా వినబడుతోంది. సతీష్ ఆ పాత వీడియోను హెడ్‌ఫోన్లలో పెట్టుకుని రెండుసార్లు విన్నాడు. తర్వాత ఇందాక తీసింది విన్నాడు.

"ఈ మొదటిది పెద్దమ్మ గొంతు గాదు" అన్నాడు. "పెద్దమ్మది జర లావు గొంతు. ఇది ముసలామెది గూడ గాదు."

"మరి ఎవరిది?" అంది బాలనాగమ్మ.

అతను మాసయ్య వైపు చూడకుండా తన వైర్లు చుట్టుకోవడం మొదలుపెట్టాడు.

సతీష్ తన వీడియో పెట్టాడు. అందులో రెండు బోర్లు, మాసయ్య పెట్టె, ముఖం కనబడకుండా బాలనాగమ్మ పాట ఉన్నాయి. గొంతు రహస్యం తేలిపోయిందని చూసినవాళ్లు సంతోషించారు. తేదీ సంగతి అతను చెప్పలేదు, వీళ్లూ చెప్పలేదు. అది ఆ గట్టు మీద కూర్చున్న ఐదుగురికే తెలుసు. ఇప్పుడు మాసయ్య నాకు చెప్పాడు, నేను మీకు చెబుతున్నాను.

వీడియో చూసి జనం రాసాగారు. కార్లు, బైకులు, చేతుల్లో పిల్లలు. తెరిచి ఉన్న బోరు దగ్గర పిల్లలంటే ఎవరికైనా గుండె దడే. పంచాయతీవాళ్లు మూత వేయించమన్నారు. జూన్ మొదటి వారంలో ఒక సాయంత్రం లింగయ్య ఇనుప మూతలు చేయించి తెచ్చాడు. మాసయ్య రీడ్ల పలక ఊడదీశాడు. బాలనాగమ్మ కూడా వచ్చింది. ఆమె గొట్టం మీదికి వంగి, "రూతక్కా" అని ఒక్కసారి పిలిచింది. జవాబేమీ రాలేదు. పొద్దు వాలిన వేళ కదా, బోరు గాలి లోపలికి లాగుతోంది. ఆమె కొంగు కొసను కూడా లాగింది.

మాసయ్య, లింగయ్య చెరో వైపు పట్టుకుని మూత దగ్గరికి తెచ్చారు. ఇంకా అంగుళం ఎడం ఉండగానే అది వాళ్ల చేతుల్లోంచి జారి గొట్టానికి అతుక్కుపోయింది. మళ్లీ సరిచేద్దామని ఇద్దరూ పైకి లాగినా కాసేపు రాలేదు. అలాగే బోల్టులు బిగించారు.

"నీకు భయం కాలేదా?" అని అడిగాను నేను.

"అయ్యింది" అన్నాడు మాసయ్య. "ఆమె అయితే ఎందుకు భయపడుత? ఆమె కాకుంటే? ఆమె పాట దానికి ఎట్ల తెలిసింది? అదీ నా భయం."

మాసయ్య మళ్లీ పనిలో పడ్డాడు. పేరుకున్న పెట్టెలన్నీ బాగుచేసి ఇచ్చాడు. మొదటి వీడియో తీసేయమంటే శిల్ప తీసేసింది. అప్పటికే దాన్ని ఎందరో తమ ఫోన్లలోకి దింపుకున్నారు, అది ఎక్కడో ఒకచోట మోగుతూనే ఉంది.

మరుసటేడు ఈస్టరు తెల్లవారి వాడవాళ్లు సమాధుల దగ్గర కొవ్వొత్తులు పెడుతుంటే బాలనాగమ్మ బంతిపూల దండ పట్టుకుని వచ్చింది. ఇన్నేళ్లలో ఆ వాడలో అడుగుపెట్టడం అదే మొదటిసారి. అందరూ పక్కకు జరిగి దారి ఇచ్చారు. రూతమ్మ సమాధి మీద దండ వేసి, మోకాళ్ల మీద వంగి, బండకు చెవి ఆనించి అలాగే ఉండిపోయింది. కొవ్వొత్తి సగం కరిగింది. లేచినప్పుడు ఆమె ముఖం చూసి మాసయ్య ఏదో అడగబోయాడు.

ఆమె "ఈడ లేదు మాసన్నా" అని తల అడ్డంగా ఊపి, కొంగు సర్దుకుని, వేగంగా ఇంటి దారి పట్టింది.