తెరలు తిప్పని మనిషి

మాదాపూర్‌లో మా సందు చివర ఇంటర్నెట్ సెంటర్ నడిపే ఆమె గత మంగళవారం ఉదయం ఆసుపత్రిలో కన్నుమూసింది. పచ్చకామెర్లు ముదిరాయి. నాకన్నా ఇరవై ఆరేళ్లు చిన్నది. దినకర్మ కూడా కాకముందే ఎదురుగా ఉన్న అమ్మాయిల హాస్టల్ యజమాని వచ్చి, ఇకనైనా కంప్యూటర్ల తెరలు తలుపువైపు తిప్పించమని ఆమె చెల్లెలికి చెప్పిపోయాడు. అందుకే ఆలస్యం చేయకుండా ఇది రాస్తున్నాను.

ఆమె సెంటర్‌లో కంప్యూటర్లు నాలుగు. నాలుగింటి తెరలూ గోడవైపే. మనం గోడకు వీపు ఆనించి కూర్చోవాలి. తలుపులోంచి చూసేవాళ్లకు వైర్లు తప్ప ఏమీ కనబడవు. "లోపల ఏదో దాస్తోంది" అని సందులో అన్నవాళ్లలో నేనూ ఉన్నాను.

ముప్పై ఒక్క ఏళ్లు లెక్కల టీచరుగా పనిచేశాను. పిల్లల సంచులు వెదికాను, పుస్తకాల మధ్య చీటీలు పట్టుకున్నాను. ఇంజనీరింగ్ చదివే మా మనవరాలు నా దగ్గరే ఉంటుంది. అది ఆ సెంటర్‌కు ఎప్పుడు వెళ్లిందీ ఎప్పుడు వచ్చిందీ నా పుస్తకంలో నిమిషాలతో సహా రాసుకునేదాన్ని. ఒకరోజు అది ఇంటికి వచ్చిన ఐదు నిమిషాలకు నేను అక్కడికి వెళ్లాను.

"మా పిల్ల ఉత్తరాలు తెరిచి చూపించు."

"మూసేసిన పెద్దమ్మా. ఎవరు లేసిపోయినా ఎంటనే చూసి మూస్త. వాళ్లు మర్చిపోయినా నేను మర్వ."

"మళ్లీ తెరువు."

"ఆ పాస్‌వర్డ్ మీ మనవరాలికే ఎరుక. నాకు ఎరుకున్నా చెప్ప."

"నేను దాని అమ్మమ్మని!"

"అయితే ఆమెనే అడుగుండ్రి. చెప్తే వినుండ్రి, చెప్పకుంటే ఊకోండ్రి."

నన్ను ఊరుకోమన్నవాళ్లు అంతవరకు లేరు. కోపంతో అక్కడే కూర్చుండిపోయాను. ఆమె మంచినీళ్లిచ్చి, "మీకూ ఒక మెయిల్ తెరుద్దమా?" అంది. ఫోను లైను కలిసేదాకా మోడెమ్ కీచుమని అరిచింది. పాస్‌వర్డ్ పెట్టమంటే మనవరాలి పేరు పైకి చదువుతూ కొట్టి, అలవాటు ప్రకారం తేదీ వేసి పుస్తకంలో ఎక్కించాను. ఆమె తల పట్టుకుంది.

"తాళమేసి చెవి తలుపుకే కట్టిపోతరా పెద్దమ్మా? జర ఆ కాయితం చింపుండ్రి."

ఇన్నేళ్లలో నా పుస్తకంలో చింపిన పేజీ అదొక్కటే. వేరే పాస్‌వర్డ్ ఆలోచించుకోమని, తలుపు పక్కనున్న తన కుర్చీని క్యాలెండర్ గోడవైపు తిప్పుకుని, నేను "అయింది" అనేదాకా అటే చూస్తూ కూర్చుంది. ఎవరు పాస్‌వర్డ్ కొడుతున్నా ఆమె అంతే చేసేది.

మర్నాడు మనవరాలినే అడిగాను. కొంత చెప్పింది, కొంత చెప్పలేదు. ఊరుకున్నాను.

వానాకాలంలో హాస్టల్ యజమాని మొదటిసారి వచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను.

"మా అమ్మాయిలు ఎవరికి ఏం రాస్తున్నారో నాకు తెలియాలండీ. వాళ్ల నాన్నలు నన్ను నమ్మి పంపారు. తెరలు ఇటు తిప్పించండి."

"మీ హాస్టల్ల బాత్రూములకు తలుపులున్నయా సార్?"

"ఉన్నాయి. అదేం ప్రశ్నండీ?"

"గవి తీసేసినంక రాండ్రి. అప్పుడు తిప్పుత."

ఆయన తన హాస్టల్ పిల్లల్ని పంపడం మానేశాడు. మూడు వారాలు కుర్చీలు ఖాళీ. "పరేషాన్ కాకుండ్రి పెద్దమ్మా, వస్తరు" అంటూ రోజూ తెరలు తుడిచేది. తర్వాత ఆ పిల్లలే కాలేజీ నుంచి వస్తూ దారిలో ఆగడం మొదలుపెట్టారు. ఆ వానాకాలపు రోజున మాత్రం నేను ఆమె పక్షాన ఒక్క మాట అనలేదు. అది నా తప్పు. తప్పు అని ఇక్కడ రాసి పెడుతున్నాను.

నిన్న ఆమె చెల్లెలు సెంటర్ తెరిచింది.

"తిప్పమని మళ్ల అంటుండు. ఏం జేద్దం పెద్దమ్మా?"

"తిప్పొద్దు. ఈసారి వస్తే నా దగ్గరికి పంపు."

ఆయనకూ, ఆయనలా ఆలోచించే పెద్దలకూ నేను చెప్పబోయేది ఇదే. ముప్పై ఒక్క ఏళ్లు సంచులు వెదికాను. చీటీలు చాలా దొరికాయి. ఒక్క పిల్ల కూడా నాకు నిజం చెప్పలేదు. ఆ తెరలు ఎటున్నాయో అటే ఉంటాయి. కాదంటే తలుపు దగ్గర రోజూ నేనే కూర్చుంటాను.

నిన్న చెల్లెలితో ఆ మాట అన్నాక మెయిల్ చూసుకుందామని కూర్చున్నాను. పాస్‌వర్డ్ కొట్టబోతూ అలవాటుగా తలుపు పక్కకు చూశాను. చెల్లెలు అక్క కుర్చీని కదపలేదు. అది ఖాళీగా, క్యాలెండర్ వైపే తిరిగి ఉంది.