కత్తెర గుర్తుకు మా అత్త ఓటు

జగిత్యాలలో నా పుస్తకాల దుకాణం షట్టరు ఎత్తుతుండగా సిరిసిల్ల నుంచి వదిన ఫోన్ చేసింది. "అమ్మ పోయింది" అని మాత్రం అనగలిగింది. తర్వాత ఏడుపే వినిపించింది. వదిన అంటే మా మేనత్త కూతురు. అత్త కొన్నేళ్లుగా ఆమె దగ్గరే ఉంటోంది. పొద్దున లేచి చాయ్ తాగి, నడుము వాలుస్తానని చెప్పి మళ్లీ పడుకుందట. అంతే, ఇక లేవలేదు.

కోరుట్లలో ఉన్న మా బాపుకు ఈ సంగతి నేనే చెప్పాలి. అత్త ఆయనకు ఒక్కగానొక్క చెల్లెలు. ఫోన్లో చెప్పడానికి మనసొప్పక బండి మీద వెళ్లాను. అరుగు మీద కూర్చుని పేపరు చదువుతున్నాడు. చెప్పాను. పేపరు మడిచి పక్కన పెట్టాడు. "గదెన్నడన్న నన్నడిగి చేసిందా ఏ పనన్న" అన్నాడు. అని, కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

అంత్యక్రియలు అత్త సొంతూరు కోరుట్లలోనే జరిగాయి. మా వార్డులో ఒకరి ముఖం ఒకరు చూడని రెండు పార్టీల వాళ్లూ వచ్చారు. ఇటువాళ్లు కొంత దూరం, అటువాళ్లు కొంత దూరం పాడె మోశారు. బతికున్నప్పుడు ఆమె ఓటు ఆ ఇద్దరిలో ఎవరికీ ఎన్నడూ ఖాయంగా దొరకలేదు.

పార్టీల పేర్లు మారుతుంటాయి గానీ మా వార్డులో పోటీ ఎప్పుడూ ఇద్దరి మధ్యనే. ఇల్లంటే ఇటో అటో ఉండాల్సిందే. ఇంకెవరైనా నిలబడ్డా వాళ్లకు ఓటేయడమంటే పారేసుకోవడమేనని అందరి లెక్క. మా అత్తకు ఆ లెక్క తలకెక్కలేదు.

ఆమె బీడీలు చేసేది. మామ తొందరగా పోయాడు. ఒక్క కూతుర్ని ఆ బీడీల మీదనే చదివించి పెళ్లి చేసింది. ఒళ్లో చాట, చాటలో బీడీలు చుట్టే తునికాకు, పక్కన కత్తెర. మనిషితో మాట్లాడుతున్నా చేతులు ఆగేవి కావు. చిన్నప్పుడు బడి నుంచి నేరుగా ఆమె ఇంటికే వెళ్లేవాణ్ని. "వచ్చినవారా, కాళ్లు కడుక్కో" అనేది తల ఎత్తకుండానే. నా అడుగుల చప్పుడు ఆమెకు తెలుసు.

ఎన్నికలప్పుడు ఎవరొచ్చినా మంచినీళ్లిచ్చి పీట వేసి కూర్చోబెట్టేది. అందరినీ ఒకటే అడిగేది. "నిరుడు వానకాలం ఏడున్నవ్ బిడ్డా?"

ఆ ప్రశ్న ఊరికే అడిగేది కాదు. ఆమె ఉండే గల్లీ పల్లంలో ఉంటుంది. పైనున్న మెయిన్ రోడ్డు నీళ్లన్నీ అక్కడికే వస్తాయి. నీళ్లు పోవడానికి మోరి లేదు. పెద్దవాన పడితే ఇళ్లలోకి మోకాళ్ల దాకా మురికినీళ్లు. నానబెట్టుకున్న ఆకు, చుట్టి పెట్టిన బీడీలు అన్నీ పాడైపోయేవి. ఇద్దరు పెద్ద అభ్యర్థులూ మెయిన్ రోడ్డు వెడల్పు గురించి మాట్లాడేవాళ్లు తప్ప ఆ గల్లీలో ఆగేవాళ్లు కాదు.

ఒకసారి మునిసిపల్ ఎన్నికల్లో ఆ రెండు పార్టీల్లో ఒకటి మా బాపుకు టికెట్ ఇచ్చింది. ఇల్లంతా జనం. పొద్దస్తమానం చాయ్‌లు, జెండాలు. అమ్మ ఇంటింటికీ వెళ్లి బొట్టు పెట్టి ఓటడిగింది. అత్త ఇంటికి మాత్రం వెళ్లలేదు. సొంత ఇంటి ఓటును అడగడమేమిటని అనుకున్నారు.

అదే వార్డులో అత్త గల్లీలో బట్టలు కుట్టే ఒకామె స్వతంత్రంగా నామినేషన్ వేసింది. వెనక ఎవరూ లేరు. నీళ్లొచ్చిన ప్రతిసారీ గల్లీ ఆడవాళ్లను వెంటేసుకుని మునిసిపల్ ఆఫీసు మెట్ల మీద కూర్చున్నది ఆమెనే. గుర్తుగా కత్తెర కోరుకుంది. బీడీలు చేసే ప్రతి ఇంట్లో కత్తెర ఉంటుంది, వేరే ప్రచారం ఎందుకు అని ఆమె ఆలోచన.

పోలింగ్ ఇంకా కొన్ని రోజులుండగా, ఒక సాయంత్రం అత్త మా ఇంటికి వచ్చింది. జనమంతా వెళ్లేదాకా వంటింట్లో అమ్మ దగ్గర కూర్చుని, తర్వాత బాపు ముందుకు వచ్చి నిలబడింది.

"అన్నా, నా ఓటు నీకు పడది. నీకు ముందుగాల చెప్పాలని అచ్చిన."

బాపు నవ్వాడు. పరాచికమనుకున్నాడు. ఆమె నవ్వకపోయేసరికి ఆయన ముఖం మారింది.

"మరెవలకేస్తవ్?"

"కత్తెరకు."

"ఆమె గెలుస్తదా?"

"గెలువది."

"గెలువదని తెల్సి ఏసుడెందుకే? ఓటు తీస్కపోయి మోరిల వడేసినట్టే గద."

"మోరి కోసమే గదన్నా ఏసేది" అంది అత్త.

లోపలి నుంచి అమ్మ నవ్వు వినిపించింది. బాపు అటు ఉరిమి చూశాడు. "మంది ఏమంటరు? సొంత చెల్లెనే ఏయలేదంటే నాకు ఇజ్జతుంటదా?"

"మంది అడిగితే నా దగ్గరికి తోలు, నేను చెప్త. నువ్వు మంచోనివే. కని నీ పార్టీ కాయితంల మా గల్లీ ముచ్చట ఉన్నదా? ఉంటే చూపియ్యి, ఇప్పుడే నీకేస్తనని ఒట్టు పెడ్త."

బాపు దగ్గర చూపించడానికి ఏమీ లేదు. అత్త చెప్పులేసుకుని వెళ్లిపోయింది. వెళ్తూ వెళ్తూ, "టైముకు తిను, మొఖం గుంజుకపోయింది" అంది.

కత్తెర గెలవలేదు. మా బాపూ గెలవలేదు. ఆయన కొద్ది తేడాతో ఓడిపోయాడు. కత్తెరకు పడ్డ ఓట్లు ఆ తేడా కంటే ఎక్కువ. అత్త తన ఓటు ఎవరికేసిందో అడిగినవాళ్ల దగ్గర దాచలేదు. ఇంకేముంది, ఓట్లు చీల్చి అన్నను ముంచిందని ఊరంతా ఒకటే మాట. చుట్టాలు అత్త ఇంటికి వెళ్లి ముఖం మీదే అన్నారు. బాపు ఏమీ అనలేదు గానీ చెల్లెలితో మాట్లాడటం మానేశాడు. ఎదురొస్తే పక్కకు తిరిగి వెళ్లేవాడు.

రాఖీ పున్నమి వచ్చింది. ఆమె రాదని మేమనుకున్నాం. రాకుంటే బాగుండునని బాపు అనుకున్నాడో, వస్తే బాగుండుననుకున్నాడో తెలియదు. పొద్దున్నే స్నానం చేసి, తెల్లచొక్కా వేసుకుని, ఎక్కడికీ కదలకుండా కూర్చున్నాడు. అత్త రాఖీ, మిఠాయి పట్టుకుని వచ్చింది. బాపు గోడ వైపు చూస్తున్నాడు.

"మాట్లాడకున్న మాయె, చెయ్యియ్యి" అంది.

ఇచ్చాడు. ఆమె కట్టింది. మిఠాయి నోట్లో పెట్టబోతే పెదవులు బిగించాడు. ఆమె అలాగే పట్టుకుని నిలబడింది. నోరు తెరిచేదాకా నిలబడింది.

అయినా మాటలు కలవలేదు. ఇంకో సంగతి జరిగాక కలిశాయి. ఒకరోజు అమ్మ అత్తను చూడటానికి వెళ్తే చాట నిండా చిల్లులు పడ్డ ఆకు, చిరిగిన ఆకు కనిపించింది. బీడీల కార్ఖానాలో ఆకు పంచే గుమాస్తా బాపు పార్టీవాడే. ఎన్నికల కసితో అత్తకు పనికిరాని రద్దీ ఆకు ఇస్తున్నాడు. ఆ ఆకుతో బీడీలు సరిగా రావు, రాకుంటే మళ్లీ అతనే లెక్కకు రావని పక్కన పడేస్తాడు. అత్త రెట్టింపు పొద్దు కూర్చుని చేస్తోంది తప్ప ఎవరికీ చెప్పలేదు. "చెప్తే అన్న ఇంకింత ఇదైతడు వదినా" అందట.

అమ్మ వచ్చి బాపుకు చెప్పింది. ఆయన తింటున్న కంచంలో చెయ్యి కడిగేసి లేచాడు. నేనూ వెనకే వెళ్లాను. కార్ఖానాలో ఆకు కోసం ఆడవాళ్లు వరుసగా నిలబడి ఉన్నారు. బాపు గుమాస్తా ముందుకు వెళ్లి, గట్టిగా అరవకుండానే అన్నాడు.

"ఓటు పడనిది నాకు. నేనే ఊకున్న. నడుమ నీకేందిరా?"

గుమాస్తా ఏదో చెప్పబోయాడు. "నా చెల్లె ఆమె ఇష్టమున్నోళ్లకు ఏసుకుంటది. ఆకు మంచిగియ్యి" అన్నాడు బాపు. ఆ వరుసలో అత్త కూడా ఉందని ఆయన చూడలేదు. తిరిగి చూసేసరికి ఎదురుగా నిలబడి ఉంది.

"తిన్నవా?" అని అడిగింది.

"సగం తిన్న."

"దా మరి" అంది. ఆ మధ్యాహ్నం బాపు మిగిలిన సగం అత్త ఇంట్లో తిన్నాడు.

మళ్లీ ఎన్నికలొచ్చినప్పుడు రెండు పార్టీల వాళ్లూ మొదట ఆ పల్లపు గల్లీకే వచ్చారు. ఇద్దరి కాగితాల్లోనూ మోరి మాట పైనే ఉంది. ఆ గల్లీలో ఎన్ని ఓట్లు చేయి దాటిపోయాయో ఇద్దరికీ తెలుసు మరి. గెలిచినవాడు మోరి కట్టించాడు. రిబ్బను కత్తిరించినప్పుడు కుట్టుమిషను ఆమెను ఎవరూ పిలవలేదు. అత్తనే వెళ్లి ఆమెను చేయి పట్టుకుని తీసుకొచ్చి ముందు నిలబెట్టింది. ఆ తర్వాతి ఎన్నికల్లో తన ఓటు ఆ కట్టించినవాడికేనని అందరికీ వినపడేలా చెప్పింది. "చేసినోనికి ఏయకపోతే, చెయ్యనోన్ని అడిగే మొఖం మనకేడిది?" అంది. ఓడిపోయేవాళ్ల మీద ఆమెకు ప్రత్యేకంగా ప్రేమేమీ లేదు. తన గల్లీ కష్టం నోరు తెరిచి చెప్పిన మనిషి ఒంటరిగా మిగలకూడదని మాత్రం పట్టుదల.

కళ్లు మసకబారాక వదిన ఆమెను సిరిసిల్ల తీసుకెళ్లింది. అల్లుడు సాంచాలు నడిపిస్తాడు. ఆ మగ్గాల మోతలో మనుషుల మాట వినపడదని అత్త గొణిగేది. ఓటు మాత్రం సిరిసిల్లకు మార్చుకోలేదు. "ఈడ ఎవల కష్టమేందో నాకేమెరుక?" అనేది. ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ వేములవాడ మీదుగా బస్సెక్కి కోరుట్ల వచ్చేది. పోయినసారి మోకాళ్లు బాగా నొస్తున్నాయని వదిన వద్దంది. "ఒక్క ఓటుకు గింత తిరుగుడా?" అని అల్లుడూ అన్నాడట. "ఒక్కటే ఉన్నది గద మరి" అని సంచి సర్దుకుంది.

ఆ రోజు ఆమెను పోలింగు జరిగే బడికి నేనే తీసుకెళ్లాను. లోపలికి వెళ్లి, ఓటేసి, గోడ పట్టుకుని మెల్లగా బయటికి వచ్చింది. రోడ్డుకు ఇటువైపు ఒక పార్టీ టెంటు, అటువైపు ఇంకో పార్టీ టెంటు. రెండింట్లోనూ కుర్చీలు, చాయ్ డ్రమ్ములు, జనం. రెండు వైపుల నుంచీ ఆమెను పిలిచారు. చెయ్యెత్తి అందరినీ పలకరించింది గానీ ఎటూ వెళ్లలేదు.

కొంచెం ఎడంగా ఎండలో ఒక అమ్మాయి నిలబడి ఉంది. ఆసారి స్వతంత్రంగా నిలబడ్డది ఆమెనే. టెంటు లేదు, కుర్చీ లేదు, వెంట ఒక్క మనిషి లేడు. ముఖం వాడిపోయి ఉంది. అత్త నా చెయ్యి వదిలి ఆమె దగ్గరికి నడిచింది.

"ఎవల బిడ్డవు?"

అమ్మాయి తండ్రి పేరు చెప్పింది.

"పొద్దుగాల్నుంచి ఏమన్న తిన్నవా?"

లేదని తల ఊపింది.

"నీకేసిననో లేదో అడగకు, చెప్ప. కూసో ముందుగాల" అంది అత్త. బడి గోడకు ఆనించి ఉన్న రాయి మీద తను కూర్చుని పక్కన చోటు చూపించింది. సంచిలోంచి గుడ్డలో చుట్టిన జొన్నరొట్టెలు తీసింది. ఒకటి విరిచి, ఎర్రకారం రాసి, పెద్దముక్క ఆ అమ్మాయి చేతిలో పెట్టింది. రోడ్డుకు రెండు వైపులా టెంట్ల నుంచి కేకలు వినిపిస్తున్నాయి. వాళ్లిద్దరూ గోడ నీడన మోకాళ్లు ఆనించుకుని కూర్చుని, ఎవరి వైపూ చూడకుండా రొట్టె తింటున్నారు.